రోజంతా వేసుకునే ఆఫీసు షూ: మెత్తదనం చూసి కొనకండి

రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కాళ్ల మీదే ఉండే ఉద్యోగం, ఫార్మల్ షూ తప్పనిసరి, ఏ జత కొన్నా ఏడాది తిరక్కుండానే సోల్ ఊడిపోతోంది, సాయంత్రానికి అరికాళ్లు మంటలు పుడుతున్నాయి, ఏం చూసి కొనాలి అని అడిగారు. ఈ రెండు బాధలకూ మూలాలు వేరు. మంటకు ఎక్కువసార్లు కారణం కొలత, సోల్ ఊడటానికి కారణం దాన్ని అతికించిన పద్ధతి. బ్రాండు సంగతి తర్వాత.

షాపులో కాలు పెట్టగానే దూదిలా అనిపించే షూని నమ్మకండి. ఆ మెత్తదనం లోపల వేసిన ఫోమ్‌ది. రోజూ ఒంటి బరువు పడితే కొన్ని నెలల్లో అణిగిపోతుంది. ఆ తర్వాత మిగిలేది షూ ఆకారమే. అది మీ పాదానికి నప్పకపోతే ఏ జెల్ ప్యాడూ కాపాడలేదు.

పాదాన్ని సాయంత్రం పూట కొలవండి, పొద్దుటి కంటే అప్పుడు కాస్త ఉబ్బి ఉంటుంది. ఆఫీసుకు వేసుకునే సాక్సే వేసుకోండి. కాగితం మీద మడమను గోడకు ఆనించి, నిలబడి, రెండు కాళ్ల మీదా బరువు సమానంగా వేసి గుర్తు పెట్టించుకోండి. కూర్చుని కొలిస్తే పొడవు తక్కువ వస్తుంది. చాలామందికి రెండు పాదాలూ ఒక్కలా ఉండవు. పెద్దదానికి సరిపోయే నంబరు తీసుకుని, చిన్న పాదం వైపు పల్చటి ఇన్‌సోల్ (షూ లోపల పాదం కింద ఉండే పొర) వేసుకోవాలి. కొందరికి అన్నిటికంటే పొడవైనది బొటనవేలు కాదు, దాని పక్క వేలు. ముందు ఖాళీ లెక్క ఆ వేలి నుంచే చూడాలి, సుమారు 1 సెంటీమీటరు ఉండాలి. బ్రిటిష్ కొలతలో ఒక్కో నంబరుకు తేడా 1/3 అంగుళం, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ నంబర్లలో 6.7 మాత్రమే. అందుకే పెట్టె మీది పట్టిక చూసి ఒక పద్ధతిలోంచి ఇంకో పద్ధతిలోకి మార్చుకుంటే తేడా కొడుతుంది.

పొడవు కుదిరినా షూ కరుస్తోందంటే చూడాల్సింది వంగే చోటు. బొటనవేలి మొదట్లో లోపలి వైపు పొడుచుకొచ్చిన ఎముక ఉంటుంది కదా, షూలో అన్నిటికంటే వెడల్పైన భాగం సరిగ్గా అక్కడికే రావాలి. పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు చేసే పొరపాటు, వెడల్పు కోసం ఒక నంబరు పెద్దది కొనడం. అప్పుడు షూ వంగే చోటు ముందుకు జరిగిపోతుంది. నడిచినప్పుడల్లా ఆ మడత వేళ్ల మీద నొక్కుతుంది, మడమ వెనక జారుతుంది, జారకుండా వేళ్లు నేలను పట్టుకోవాలని చూస్తాయి. సాయంత్రం మంటకు ఇదొక ముఖ్య కారణం. వీళ్లు అదే నంబరులో వెడల్పు రకం అడగాలి. అది దొరకకపోతే మరో మోడల్ చూసుకోవాలి.

షాపులో ఇన్‌సోల్ ఊడొచ్చే రకమైతే బయటికి తీసి దాని మీద నిలబడండి. చిటికెన వేలు అంచు దాటి బయటికి వస్తే ఆ జత పక్కన పెట్టేయండి. తర్వాత షూని రెండు చివరలా పట్టుకుని వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి, నడుమ వంగకూడదు. నడుమ వంగితే లోపల పాదం వంపును మోసే పట్టీ లేదనో, బలహీనంగా ఉందనో అర్థం. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే అణిగిపోకూడదు. గట్టి సోల్ ఉన్న కొత్త లెదర్ షూలో మడమ 3, 4 మిల్లీమీటర్లు లేస్తే కంగారు పడకండి, సోల్ వంగడం అలవాటయ్యాక తగ్గుతుంది. "వేసుకుంటుంటే సాగుతుంది" అనే మాట మాత్రం సగమే నిజం. తోలు వెడల్పులో కొద్దిగా సాగుతుంది, పొడవులో సాగదు.

రోజంతా నిలబడేవాళ్లకు నేను లేసులున్న డెర్బీ రకమే చెబుతాను. లేసుల పట్టీలు పైన విడిగా తెరుచుకుంటాయి కాబట్టి, మధ్యాహ్నానికి పాదం ఉబ్బితే వదులు చేసుకోవచ్చు. లేసుల్లేని లోఫర్లలో ఆ వీలు లేదు. హీల్ వేసుకునేవాళ్లు 3 సెంటీమీటర్లు దాటని వెడల్పాటి హీల్, పాదం మీద పట్టీ ఉన్నది చూసుకోండి. హీల్ ఎత్తు పెరిగేకొద్దీ బరువు వేళ్ల మొదట్లోకి వచ్చి పడుతుంది.

ఇక మన్నిక. మీ సోల్ ఊడిపోతోందంటే అది గమ్‌తో అతికించిన రకమై ఉండాలి. తేలిగ్గా ఉంటుంది, మొదటి రోజే సుఖంగా ఉంటుంది, కానీ తడి, వేడి తగిలి గమ్ వదిలాక ఎంత అతికించినా ఎక్కువ కాలం నిలవదు. కుట్టు సోల్ కొనండి. గుడ్‌ఇయర్ వెల్ట్ రకంలో పై తోలుకూ సోల్‌కూ మధ్య ఒక పట్టీ కుట్టి ఉంటుంది. సోల్ అరిగితే దాన్ని మాత్రమే మార్పించుకోవచ్చు. కాస్త బరువు, మొదటి రెండు వారాలు బిరుసు. ఆ పట్టీ లేకుండా సోల్‌ను నేరుగా కుట్టే బ్లేక్ కుట్టు ఇంతకంటే పల్చగా, వంగేలా ఉంటుంది, కానీ కుట్టు నేరుగా లోపలికి వెళ్తుంది కాబట్టి నీళ్లు ఎక్కే అవకాశం ఎక్కువ. ఉత్తుత్తి కుట్లతో జాగ్రత్త. అంచు చుట్టూ దారం కనిపించినంత మాత్రాన కుట్టినట్టు కాదు, అది సోల్ అచ్చులోనే పోసిన అలంకారం కావచ్చు. సోల్ కింద గాడిలో ఆ కుట్టు కనిపిస్తోందా చూడండి. కింద కుట్టును కప్పేసే సోళ్లూ ఉంటాయి కాబట్టి, అనుమానంగా ఉంటే షాపువాళ్లను సోల్ మార్చడానికి వీలవుతుందా అని అడగండి.

పీయూ (పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ రకం) సోల్ షూని దాచుకోవద్దు. గాల్లోని తేమకే ఆ పదార్థం లోలోపల విరిగిపోతుంది, పెట్టెలో కొన్నేళ్లు ఉంచిన కొత్త జత కూడా వేసుకున్న రోజే పొడిపొడిగా రాలిపోవచ్చు. పాత స్టాకు తక్కువకు వస్తోందని తీసుకోకపోవడానికి ఇదే కారణం. రబ్బరు సోల్‌తో ఈ బెడద తక్కువ, గచ్చు మీద అంత తేలిగ్గా జారదు కూడా.

తోలు విషయానికొస్తే, "జెన్యూన్ లెదర్" ముద్ర ఒక్కటే చాలదు. వేలితో నొక్కినప్పుడు సన్నటి ముడతలు పడి, వదలగానే పోయేది మంచి తోలు. పైన మందంగా ప్లాస్టిక్ పూత వేసినది అద్దంలా మెరుస్తుంది, వంగే చోట పగులుతుంది, పగిలాక పాలిష్ పట్టదు.

ఒకే జతను వరసగా రోజూ వేసుకోవద్దు. పీల్చుకున్న చెమట ఆరడానికి కనీసం ఒక రోజు కావాలి. విప్పగానే లోపల చెక్క అచ్చు గానీ, నలిపిన న్యూస్ పేపరు గానీ పెట్టండి. తడిస్తే ఎండలోనో హీటర్ దగ్గరో పెట్టకండి, తోలు ఎండి పగులుతుంది. హీల్ కింద రబ్బరు ముక్క పూర్తిగా అరగక ముందే మార్పించండి. దాని పైనున్న హీల్ పొర దాకా అరిగితే ఖర్చు పెరుగుతుంది, నడకా ఒక పక్కకు ఒరుగుతుంది.

కొత్త జతను మొదట ఇంట్లో శుభ్రమైన నేల మీద రోజుకు గంట చొప్పున వేసుకుని చూడండి. విప్పాక వేళ్ల మీదో పక్కనో ఎర్రటి గుర్తు పడి అరగంటకీ పోలేదంటే, సోల్ మురికి కాకముందే తిరిగి ఇచ్చేయండి. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, కాబట్టి విప్పిన ప్రతిసారీ పాదాన్ని కళ్లతో చూసుకోవాలి, షూ ఎంపిక డాక్టరుతో మాట్లాడి చేసుకోవాలి.