ఎల్క్ వేటకు వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

కొలరాడోలో నీకు ఎల్క్ ట్యాగ్, అంటే ఆ పెద్ద జింకను వేటాడే అనుమతి, వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. "మన దేశంలో జింకను కొడితే జైల్లో పెడతారు, దీనికిదేం బుద్ధిరా తమ్ముడూ" అని ఒకటే ఏడుపు. అక్కకి సర్దిచెప్పి పెట్టేశాను గానీ ఆ రాత్రి నాకూ నిద్ర లేదు. నా మేనకోడలు కొండెక్కుతోందని గర్వం, ఒక పక్క గుండెదడ.

రైఫిల్ సీజన్లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు ఉండాలనీ, టోపీ కూడా అలాంటి రంగేననీ వేట క్లాసులో చెప్పే ఉంటారు. నేను మళ్లీ చెప్పను.

ఎల్క్ రాత్రంతా పచ్చికలో మేస్తుంది. తెలవారుతుంటే కొండెక్కి, ఎండ ముదిరేసరికి ఉత్తరపు వాలు మీద స్ప్రూస్ చెట్ల నీడలో పడుకుని నెమరేస్తుంది. పొద్దు వాలాక మళ్లీ దిగుతుంది. నల్లమల అంచున మీ తాతయ్య నన్ను చెరువుగట్టు మీద కూర్చోబెట్టి, దుప్పులు నీళ్లకు దిగేది చూపించింది కూడా ఆ వేళకే. అక్కడుండే ఇంకో రకం జింక, మ్యూల్ డీర్, నడకా ఇంచుమించు ఇంతే. కాకపోతే నవంబరులో ఎదకొచ్చినప్పుడు మగవి పట్టపగలు కూడా తిరుగుతాయి. ఎల్క్‌కి ఆ కాలం సెప్టెంబరు. నువ్వెళ్లే అక్టోబరు చివరికి పెద్ద మగవి అలిసిపోయి, మందకు దూరంగా దాక్కుంటాయి. అందుకే పచ్చిక దగ్గర కాదు, పచ్చికకీ పడకకీ నడుమ దారిలో కాచుకో.

పొద్దున చల్లగాలి కొండ మీంచి కిందికి జారుతుంది. ఎల్క్ ఆ గాలికి ఎదురుగా, వాసన పట్టుకుంటూ ఎక్కుతుంది. సరిగ్గా అది ఎక్కే దారికి ఎగువన కూర్చున్నావా, దొరికిపోయావే! పక్కవాలు మీద కూర్చో. చిన్న సీసాలో బియ్యప్పిండి ఉంచుకుని మాటిమాటికీ చిటికెడు వదిలి చూడు. ఎండ తగిలాక గాలి పైకి తిరుగుతుంది, నువ్వూ చోటు మార్చాలి.

ఇక అసలు సంగతి. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టం కాల్చనిస్తుంది. 1998లో నేను ఆ అరగంటనే నమ్ముకున్నాను. ఇంకో పది నిమిషాల వెలుగుందనగా ఒక పెద్ద మగది చెట్ల అంచుకొచ్చి నిలబడింది. కాల్చాను. తగిలిన చప్పుడు వినిపించింది. అరగంట కదలకుండా కూర్చుని ఉంటే అది ఎక్కడ పడుకుందో అక్కడే ప్రాణం వదిలేది. నేను ఆగలేక లైటు పట్టుకుని పరిగెత్తాను. అలికిడికి లేచి అడవిలో పడింది. రాలిన ఆస్పెన్ ఆకుల మీద నెత్తురుచుక్కలు వెతుక్కుంటూ పోయాను. లైటు ఆరిపోయింది. తెల్లవార్లూ ఒక చెట్టు మొదట్లో వణుకుతూ కూర్చున్నాను. కింద కార్లో మీ అత్త ఒక్కతే, నేనున్నానో లేనో తెలీక.

తెల్లారి పక్షుల గోల విని వెళ్తే, నేను కూర్చున్న చోటికి మూడొందల అడుగుల్లో పడి ఉంది. తోలు మీద మంచు పేరుకుంది. తొడ కోసి లోపల చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. ఎముక దగ్గర కుళ్లు వాసన. అంత మందం తోలు కింద వేడి పోదమ్మా, బయట ఎంత చలి ఉన్నా. ముందు జబ్బలు మాత్రం దక్కాయి. అంత జీవిని చంపి పాడు చేసుకున్నానన్న బాధ ఇవాళ్టికీ పోలేదు.

అందుకే పొద్దున్నే కాల్చు. తర్వాత వెతకడానికి, కోయడానికి, మోయడానికి రోజంతా వెలుగుంటుంది. సాయంత్రాలు బైనాక్యులర్స్ తీసుకెళ్లి ఎక్కడ దిగుతున్నాయో చూసుకుని రా, చాలు. మొండితనం చేయకు తల్లీ. నీ చెయ్యి నాకంటే స్థిరమని నాకు తెలుసు, నా భయం చీకటి గురించే.

తగిలాక గడియారం చూసుకుని అరగంట కూర్చో. అది దొరగ్గానే తోలు ఒలిచి, మాంసం బట్టసంచుల్లో నీడన గాలికి వేలాడదీయి. తల పరీక్షకిచ్చి, ఫలితం వచ్చాకే వండు. జింకలకొచ్చే ఆ జబ్బు, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, మొదట కనబడింది 1967లో, ఆ కొలరాడోలోనే.

శాటిలైట్ మెసెంజర్ పోస్టులో పంపుతున్నాను. ఏ దారిన ఎక్కుతావో ముందే రాసి పెట్టు. చీకటి పడగానే ఒక్క ముక్క పంపు. నేనూ అత్తా మేలుకునే ఉంటాం.

మామయ్య