పవర్ వీల్‌చైర్ వాడేటప్పుడు ముఖ్యంగా ఏం చూసుకోవాలి?

నాన్నగారికి పవర్ వీల్‌చైర్ కొన్నాం, ఏ జాగ్రత్తలు ముఖ్యం అని అడిగారు. ముందు మోటార్ల దగ్గరుండే ఫ్రీవీల్ లివర్ (కుర్చీని చేత్తో నెట్టడానికి వీలుగా మోటార్లను విడదీసే మీట) సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. దాన్ని న్యూట్రల్‌లో పెడితే మోటారు బ్రేకులు పట్టవు, వాలు మీద కుర్చీ జారిపోతుంది. చేత్తో నెట్టాల్సి వస్తే సమంగా ఉన్న నేల మీదే, ఒకరు కుర్చీని పట్టుకుని ఉండగా లివర్ మార్చండి. పని కాగానే మళ్ళీ డ్రైవ్‌లో పెట్టేయాలి. ఆయన ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పవర్ ఆఫ్‌లో ఉండాలి. చొక్కా చెయ్యి జాయ్‌స్టిక్‌కు తగిలినా కుర్చీ కదులుతుంది.

గుమ్మం దగ్గర ర్యాంప్ కట్టిస్తే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. స్థలం చాలదని మేస్త్రీ 4 అడుగుల్లో ముగిస్తానంటే దయచేసి ఒప్పుకోకండి.

బ్యాటరీలు లెడ్ యాసిడ్ రకమైతే, వాడిన రోజు రాత్రి పూర్తిగా చార్జ్ చేయండి. పూర్తిగా దిగిపోయేదాకా వాడితే త్వరగా పాడవుతాయి.