సొంత అభిప్రాయాల వల్ల సీఈఓ పదవి పోతే అది వాక్ స్వాతంత్ర్య ఉల్లంఘనా?

కాదు, అమెరికాలో జనాగ్రహం తట్టుకోలేక ఒక ప్రైవేటు సంస్థ సీఈఓ తప్పుకుంటే అది రాజ్యాంగపరంగా వాక్ స్వాతంత్ర్య ఉల్లంఘన కిందికి రాదు. వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే అక్కడి రాజ్యాంగ మొదటి సవరణ చేతులు కట్టేసేది ప్రభుత్వానికే. మాట్లాడే హక్కు ఆయనకు ఎంత ఉందో, ఆ కంపెనీ సరుకు మాకొద్దు అనే హక్కు కొనేవాళ్లకూ అంతే ఉంది. పైగా సీఈఓ సంస్థ తరఫున మాట్లాడే మనిషి కాబట్టి, ఆయన సొంత మాటకూ సంస్థ మాటకూ మధ్య గీత జనానికి కనిపించదు.

జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త బ్రెండన్ ఐక్ సంగతే చూడండి. కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను నిషేధించే ప్రొపొజిషన్ 8 అనే ప్రజా ఓటింగ్ ప్రతిపాదనకు మద్దతుగా ఆయన 2008లో 1,000 డాలర్ల విరాళం ఇచ్చారు. ఇది 2012లోనే బయటపడింది. అప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాలో సీటీఓగా (సాంకేతిక విభాగాధిపతిగా) ఉన్నారు, విమర్శలొచ్చినా పదవి పోలేదు. 2014 మార్చిలో సీఈఓ కాగానే మాత్రం గొడవ ముదిరింది. ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైటు, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు బ్రౌజర్ మార్చమని సందేశం చూపించింది. రెండు వారాలు తిరక్కుండానే ఏప్రిల్ 3న రాజీనామా. విరాళం అదే, మారింది కుర్చీ!

ఆయన్ని కంపెనీయే తీసేసిందని చాలామంది అనుకుంటారు. మొజిల్లా చెప్పిన ప్రకారం ఆయనే తప్పుకున్నారు, వేరే హోదాలో ఉండమని బోర్డు అడిగింది కూడా. అలాగని ప్రైవేటు కంపెనీ ఏమైనా చేయొచ్చని కాదు. ఉద్యోగం తీసేస్తామని బెదిరించి ఉద్యోగుల రాజకీయ కార్యకలాపాలను అదుపు చేయడాన్ని కాలిఫోర్నియా కార్మిక చట్టం నిషేధిస్తుంది.