కిటికీ పక్కన కుర్చీ ఎక్కడ వేయాలి?

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

కోడలి ఫోటోలు ఇంట్లోనే తీయడానికి లైట్లు కొనాలా అని అడిగావు. ఏమీ కొనకు. ఉన్నవే ముందు ఆర్పెయ్. కిటికీ వెలుగు కాస్త నీలం, బల్బు వెలుగు పసుపు. రెండూ కలిశాయంటే ఒక్కో చెంప ఒక్కో రంగులో వస్తుంది, తర్వాత ఎడిటింగులో సరిచేయబోతే తల ప్రాణం తోకకొస్తుంది. చౌకరకం ఎల్ఈడీలైతే మన 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, ఫోటోలో చారలు పడతాయి.

ఇక కిటికీ. నేరుగా ఎండ రాదని ఉత్తరం కిటికీ మంచిదంటారు అందరూ, చాలావరకు నిజమే. కానీ మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 దాకా సూర్యుడు తూర్పుకి కాస్త ఉత్తరంగా పొడుస్తాడు. హైదరాబాదులో మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం కూడా నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అందుకని దిక్కు చూడకు, నేల చూడు. నేల మీద ఎండ పడని కిటికీయే నీకు కావాల్సింది. అలాంటిది లేకపోతే తెల్లని నూలు పంచె ఒక్క మడత మీద కిటికీకి కట్టు. గ్రిల్ నీడలు కూడా పోతాయి. రంగు కర్టెన్ మాత్రం వద్దు, ఆ రంగంతా మొహం మీదికొస్తుంది. దోమల నెట్ ఉంటే తీసెయ్, వెలుగు మింగేస్తుంది.

అసలు పనంతా కుర్చీ దగ్గరే ఉంది. కిటికీకి మూడడుగుల్లో వెయ్, ఆరడుగులు దాటితే వెలుగు బాగా పల్చబడుతుంది. వెనక గోడకి కనీసం నాలుగడుగులు వదులు, అప్పుడు గోడ చీకటిపడి మొహం ముందుకొస్తుంది. కిటికీకి ఎదురుగా కూర్చోబెడితే మొహం పలకలా చదునుగా కనిపిస్తుంది, పూర్తిగా పక్కకి తిప్పితే సగం చీకటే. భుజాలు కిటికీ వైపు ఉంచమని, తల మెల్లగా నీ వైపు తిప్పమను. చీకటి వైపు చెంప మీద, కంటి కింద చిన్న వెలుగు ముక్క మిగిలిన చోట ఆపు. రెండు కళ్లలోనూ కిటికీ తెల్లగా మెరవాలి. మెరవకపోతే కళ్లు నిర్జీవంగా ఉంటాయి, ఆ ఫోటో ఉంచుకోకు. బాల్కనీ తలుపులాగా నేలదాకా ఉన్నదైతే కింది సగం దుప్పటితో కప్పు. గడ్డం కింద నుంచి వచ్చే వెలుగు ఎవరికీ నప్పదు.

చీకటి వైపు మరీ నల్లగా ఉంటే రెండడుగుల దూరంలో తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టు. స్టీలు పళ్లెం, వెండి కాగితం లాంటివి పెట్టావంటే చెంప మీద మచ్చలా మెరుపు పడుతుంది. ఆకుపచ్చ గోడ, ఎర్ర గచ్చు దగ్గరగా ఉంటే వాటి రంగు దవడ మీదికెక్కుతుంది. అక్కడ తెల్ల దుప్పటి పరుచు.

కెమెరాలో 50 ఎంఎం లెన్స్ చాలు. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకె 1.8 లో ఉంటే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా రావచ్చు, 2.8 పెట్టు. షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు కన్నా నెమ్మదిగా పెట్టకు. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా స్పందించే మోతాదు, 800, 1600 దాకా పెంచు. గరుకు వచ్చినా భరించొచ్చు, కదిలిన ఫోటో దేనికీ పనికిరాదు. రంగుల్ని సరిచూసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే పసుపు చీరకి ఒకలా, నీలం చీరకి ఇంకోలా మారుతుంది, డేలైట్‌లో పెట్టు. వెనక తెల్ల గోడ ఎక్కువ కనిపిస్తే కెమెరా మొహాన్ని నల్లబరుస్తుంది, నల్ల తలుపు ఉంటే తెల్లబరుస్తుంది. వెలుగు కొలత ఎప్పుడూ మొహం మీదే తీసుకో.

ఫోనే అయితే ఐదడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తియ్. మొహానికి దగ్గరగా పెడితే ముక్కు పెద్దదవుతుంది. బ్యూటీ ఫిల్టర్ ఆపెయ్. వెనకదంతా మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ చెవి పక్క వెంట్రుకల్ని, బుట్టల అంచుల్ని తినేస్తుంది, దాన్నీ నమ్మకు. మొహం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కాస్త తగ్గించు.

కళ్లజోడులో కిటికీ కనిపిస్తోందంటే జోడు తీయించకు. కాడలు చెవుల మీద అర అంగుళం పైకి లేపితే అద్దాలు కిందికి వాలి మెరుపు తప్పుకుంటుంది. జరీ అంచు మరీ తెల్లగా మెరుస్తుంటే పైట ఉన్న భుజాన్ని చీకటి వైపు జరిపించు.

మొదటి పది నిమిషాల ఫోటోల్లో మొహం బిగుసుకునే ఉంటుంది. అవి లెక్కలోకి తీసుకోక మాట్లాడుతూ తీస్తూనే ఉండు. వాట్సాప్‌లో పెట్టే ముందు ఆమెకి చూపించు, వద్దన్నవి అక్కడికక్కడే తీసెయ్.

ఇట్లు,
మీ పెదనాన్న