ప్రొటెస్టెంట్ సంస్కరణ వల్ల మామూలు జనం జీవితంలో ఏం మారింది?
నన్నడిగితే అన్నిటికంటే పెద్ద మార్పు చదువే. 1517లో ఈ సంస్కరణకు ఆద్యుడైన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ మొదలుపెట్టింది, పాపాలకు పడే శిక్ష తగ్గుతుందంటూ కాథలిక్ చర్చి అమ్మిన పాపక్షమాపణ పత్రాల మీద గొడవ, కానీ బైబిల్ ఎవరికి వాళ్ళే చదువుకోవాలి అన్నాక చదవడం రావాలి కదా మరి, అందుకే 1522లో కొత్త నిబంధన జర్మన్‌లోకి తెచ్చాడు, 1529లో క్రైస్తవ విశ్వాసం గురించి ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు.

దీని ప్రభావం బాగా తెలిసేది లూథర్ బాట పట్టిన స్వీడన్‌లో. అక్కడ 1686 చర్చి చట్టం ప్రకారం పిల్లలు, పనివాళ్ళు, ఆడా మగా అందరూ చదవడం నేర్చుకోవాలి. పాస్టర్ వచ్చి అందర్నీ కూర్చోబెట్టి చదివించేవాడు, ఎవరికి ఎంత వచ్చో పేరు పేరునా రిజిస్టర్‌లో రాసుకునేవాడు, లూథర్ రాసిన ఆ చిన్న పుస్తకంలో పాఠాలు రాకపోతే పెళ్ళికి కూడా ఒప్పుకునేవాళ్ళు కాదు! ఇందులో నిఘా ఉంది, బలవంతం ఉంది, అది నాకు నచ్చదు, అయినా 18వ శతాబ్దంలోనే పేద రైతు కూతురు పుస్తకం తీసి చదవగలగడం మాత్రం చాలా గొప్ప విషయం. నేర్పేది ఎక్కువగా తల్లిదండ్రులే, ఊరూరా బడి పెట్టాలన్న చట్టం 1842లో గానీ రాలేదు. రాయడం మాత్రం చాలామందికి వచ్చేది కాదు, ఎందుకంటే చర్చి అడిగింది చదవడం ఒక్కటే.