విరిగిన ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ అతికిస్తే ఆగుతుందా?

వానలు మొదలయ్యాక బండి జారిపడ్డవాళ్ల ఉత్తరాలు ఎక్కువయ్యాయి. హ్యాండిల్, ఇండికేటర్ల సంగతి మెకానిక్ చూసుకుంటాడు గానీ, చాలామంది పట్టించుకోకుండా వదిలేసేది ఫుట్‌రెస్ట్‌ని. అందుకే ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నాది 150 సీసీ బండి, వెనక కూడా డిస్క్ బ్రేకే. కొని ఏడేళ్లయింది. పోయిన నెల వానలో మట్టిరోడ్డు మీద జారి కుడివైపు పడ్డాను. నాకు మోకాలు గీసుకుపోయింది అంతే, కానీ కుడి ఫుట్‌రెస్ట్ ఉండే బ్రాకెట్ బోల్టు దగ్గర రెండు ముక్కలైంది. మా ఊళ్లో వెల్డింగ్ షాపతను "ఇది అల్యూమినియం, నా దగ్గర కాదు, టౌనులో ఆర్గాన్ వెల్డింగ్ చేయించుకో" అన్నాడు. మెకానిక్ ఎపాక్సీ ముద్ద పెట్టి పైన బైండింగ్ వైరు చుట్టి ఇచ్చాడు. దాంతోనే రోజూ 40 కిలోమీటర్లు తిరుగుతున్నా, ఒక్కోసారి వెనక మా ఆవిడ కూడా కూర్చుంటుంది. వెల్డింగ్ చేయించాలా, కొత్తది కొనాలా?
— ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బండిని పక్కన పెట్టు. రెండు రోజులు బస్సులో వెళ్లు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఎందుకంటే విరిగింది కుడివైపు. ఆ బ్రాకెట్‌కి కాలు పెట్టుకునే పెగ్ ఒక్కటే కాదు, చాలా బండ్లలో వెనక బ్రేకు పెడల్ కూడా దానికే ఉంటుంది, వెనక డిస్క్ ఉంటే బ్రేకు ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా దానికే బిగించి ఉంటుంది. నువ్వు గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఆ ఎపాక్సీ ముద్ద కాస్త కదిలినా చాలు, పెడల్ కిందికి పోతుంది కానీ బ్రేకు పట్టదు. సరిగ్గా లారీ ఎదురొచ్చినప్పుడే గట్టిగా తొక్కుతాం కదా. ఎంసీల్ లాంటి ముద్దలు కారే పైపుకి, డ్రమ్ముకి పనికొస్తాయి. మనిషి బరువు మోసే చోటికి పనికిరావు.

ఆ బరువు ఎంతో ఒకసారి లెక్క వేసి చూడు. 75 కిలోల మనిషి స్పీడ్ బ్రేకర్ దగ్గర లేచి ఒక కాలి మీదే బరువు వేశాడనుకో. పెగ్ చివర బ్రాకెట్‌కి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది, బ్రాకెట్‌ని పట్టుకున్న రెండు బోల్టులు ఒకదాని కింద ఒకటి 5 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయి అనుకుంటే, పై బోల్టు దగ్గర 150 కిలోల లాగుడు పడుతుంది. ఇది బండి ఆగి ఉన్నప్పటి లెక్క, గుంతలో దబ్బుమని పడితే ఇంకా పెరుగుతుంది. నీ బ్రాకెట్ విరిగింది కూడా సరిగ్గా ఆ బోల్టు దగ్గరే.

ఇప్పుడు విరిగిన ముక్కని వెలుతురులో పెట్టి చూడు. విరిగిన ముఖం అంతా ఒకేలా తళతళలాడుతుంటే పడిన రోజే విరిగిందని అర్థం. ఒక అంచున నల్లగా, మట్టిపట్టి, మిగతాది తెల్లగా ఉంటే మాత్రం బీట ఎప్పుడో పడింది, పడిపోవడం వంక మాత్రమే. అలా ఉంటే ఎడమవైపు బ్రాకెట్‌ని కూడా విప్పి చూడాల్సిందే. కిరోసిన్‌తో కడిగి, పొడిగా తుడిచి, పైన సుద్దముక్క రుద్ది పది నిమిషాలు వదిలేస్తే, కంటికి కనపడని బీటలో దాక్కున్న కిరోసిన్ బయటికొచ్చి సుద్ద మీద తడి గీతలా కనిపిస్తుంది. డబ్బులు ఖర్చు కాని పరీక్ష, సెకండ్‌హ్యాండ్ సామాను కొనేటప్పుడు కూడా ఇది చేసి చూసుకో.

ఇక వెల్డింగ్ సంగతి. ఆ వెల్డింగ్ షాపతను తనవల్ల కాదని చెప్పడం నిజాయితీ, అలాంటివాడి దగ్గరికే మళ్లీ వెళ్లు. ఈ బ్రాకెట్లు అచ్చులో కరిగిన అల్యూమినియంని ఒత్తిడితో పోసి తీసినవి. అలా పోసినప్పుడు లోపల సన్నటి గాలి బుడగలు చిక్కుకుంటాయి, వెల్డింగ్ వేడికి అవి ఉబ్బి అతుకు స్పాంజిలా తయారవుతుంది. ఇంకో తలనొప్పి, అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సిలికాన్ కలిపిన ఈ పోత రకం ఇంకా ముందే కరుగుతుంది, కానీ దాని మీద ఉండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. ఆ పొరని తీయకుండా వెల్డింగ్ పెడితే పైన అతుక్కున్నట్టు కనిపిస్తుంది, లోపల అతుకు ఉండదు. నేను కూడా ఒకప్పుడు నా పాత బండికి ఇలాగే చేయించాను. అతుకు గట్టిగానే ఉంది, రెండు నెలల తర్వాత దాని పక్కన, వేడి తగిలిన చోట కొత్తగా విరిగింది. ఆ రోజు మెల్లగా వెళుతున్నాను కాబట్టి కాలు నేలకి ఆనింది, అంతటితో పోయింది.

అందుకే నా మాట, నీ బండికి బ్రాకెట్ దొరుకుతుంటే కొత్తదే కొను. ఏడేళ్ల బండే కాబట్టి డీలరు దగ్గరో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడుగు. కొనేముందు పాత ముక్కలు తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకో, ఒకే పేరు మీద వచ్చే బండ్లలో కూడా మోడల్ మారితే రంధ్రాలు మారతాయి.

బిగించేటప్పుడు బోల్టు చేత్తోనే మూడు నాలుగు చుట్లు తిరగాలి. మొదటి చుట్టుకే రెంచ్ పెట్టాల్సి వస్తోందంటే పడిన దెబ్బకి ఛాసిస్ మీది లగ్, అంటే బ్రాకెట్ బోల్టు పట్టే ఇనప చెవి, వంగిందన్నమాట, అక్కడ బలవంతం చేస్తే కొత్త బ్రాకెట్ కూడా బిగువుతో కూర్చుని మళ్లీ విరుగుతుంది. 8 ఎంఎం బోల్టులైతే 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగువు (టార్క్ రెంచ్ మీద కనిపించే అంకె) మామూలుగా సరిపోతుంది, మీ బండి సర్వీస్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించు. బోల్టు వదులవకుండా మరలని పట్టి ఉంచే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాకర్, రెండు చుక్కలు వెయ్యి. బిగించాక బోల్టు తల మీది నుంచి బ్రాకెట్ మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గియ్యి, గీత తెగి పక్కకి జరిగితే బోల్టు వదులైందని చూడగానే తెలుస్తుంది. తర్వాత ఒకరిని బండి పట్టుకోమని రెండు పెగ్‌ల మీద నిలబడి నాలుగుసార్లు ఊగు, బ్రేకు పదిసార్లు గట్టిగా తొక్కు, బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూడు. ఆ తర్వాతే మీ ఆవిడని ఎక్కించుకో.

బ్రాకెట్ ఎక్కడా దొరకని పాత బండ్లవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ల కోసం రెండు మాటలు. వెల్డింగ్ తప్పదంటే అల్యూమినియం పోత సామాను రోజూ చేసే ఆర్గాన్ వెల్డర్ దగ్గరికే వెళ్లండి, రెండు అంచులూ వి ఆకారంలో గ్రైండ్ చేయమనండి, పెయింటు, ఆయిలు పూర్తిగా పోయాక స్టీలు బ్రష్‌తో రుద్ది, ముక్కని ముందు కొంచెం వేడి చేసి, సిలికాన్ ఉన్న 4043 రాడ్‌తో రెండు వైపులా పెట్టాలి, తర్వాత నీళ్లు పోయకుండా మెల్లగా చల్లారనివ్వాలి. ఇంకో దారి, పాత ముక్కలని కలిపి పెట్టి కొలత తీసుకుని, లేత్ షాపులో 8 ఎంఎం ఇనప ప్లేటుతో కొత్త బ్రాకెట్ కోయించడం. నాకు ఇదే నచ్చుతుంది, ఇనుము విరిగేముందు వంగుతుంది కాబట్టి మనకి ముందే తెలుస్తుంది. కాకపోతే మరీ మందం ప్లేటు పెట్టించొద్దు, ఈసారి పడితే బ్రాకెట్ బాగానే ఉండి ఛాసిస్ లగ్ ఊడొస్తుంది, అది చాలా ఖరీదైన పని.

ప్రశ్న: సార్, నాది 100 సీసీ బండి. డివైడర్‌కి తగిలి ఇంజను కింద ఉండే ఫుట్‌రెస్ట్ రాడ్ వంగింది. బండి మీదే గ్యాస్ పెట్టి వంపు తీశారు. ఇప్పుడు రెండు బోల్టులు తిరుగుతూనే ఉంటాయి, బిగవడం లేదు. పెద్ద బోల్టు కొట్టేస్తామంటున్నారు.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, పెద్ద బోల్టు వద్దు. ఆ మరలు ఉన్నది ఇంజను కింది అల్యూమినియం కేసులో, కొలత లేకుండా డ్రిల్ పెడితే కేసు పగిలి ఆయిలు కారడం మొదలవుతుంది, అప్పుడు మొత్తం ఇంజను విప్పాలి. హెలికాయిల్ వేయించండి. స్ప్రింగులా ఉండే స్టీలు తీగచుట్ట అది. 8 ఎంఎం బోల్టుకి 8.3 ఎంఎం డ్రిల్ పెట్టి, దాని ప్రత్యేకమైన ట్యాప్‌తో మర తీసి, ఆ చుట్టని లోపలికి ఎక్కిస్తారు, మీ పాత బోల్టే మళ్లీ పడుతుంది, అసలు మర కన్నా గట్టిగా ఉంటుంది కూడా. లేత్ షాపుల్లో అడిగితే చేస్తారు. రాడ్ విషయానికొస్తే, అది మామూలు ఇనుమే, వంపు తీయొచ్చు, కానీ విప్పి బయట పెట్టి తీయాలి, ఇంజను పక్కనే మంట పెడితే ఆయిలు సీళ్లు పాడవుతాయి. కాబట్టి ఇంజను కింద కొత్తగా ఆయిలు తడి కనిపిస్తోందేమో ఒక వారం గమనించండి. కొన్ని బండ్లలో సైడ్ స్టాండ్ కూడా ఆ రాడ్‌కే ఉంటుంది, అతుకుల దగ్గర బీట ఉంటే రాడ్ మార్చేయండి.

ప్రశ్న: వెనక కూర్చునేవాళ్ల కుడి ఫుట్‌రెస్ట్ విరిగితే తీసేశాను. నేను ఒక్కడినే తిరుగుతా. ఏమైనా ఇబ్బందా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: రెండు ఇబ్బందులు. చాలా బండ్లలో సైలెన్సర్ వేలాడేది ఆ బ్రాకెట్‌కే. అది లేకపోతే సైలెన్సర్ బరువంతా ఇంజను దగ్గరి రెండు స్టడ్‌ల (తల లేని బోల్టుల) మీద పడి అవి తెగుతాయి, తెగిన స్టడ్‌ని తీయడం ఎంత కష్టమో ఏ మెకానిక్‌నైనా అడగండి. రెండోది, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనక సీటున్న బండికి చేతితో పట్టుకునే పట్టీ, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు, మూడూ ఉండాలి. ఒక్కడినే తిరుగుతానని అంటారు గానీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరు లిఫ్ట్ అడుగుతారు, కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటారు. బిగించేయండి.

ప్రశ్న: నా బీఎస్6 బండికి ఛాసిస్ మీదే ఫుట్‌రెస్ట్ లగ్ ఊడింది. వెల్డింగ్ పెడితే ఈసీయూ కాలిపోతుందని భయపెడుతున్నారు.
— ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: ఈసీయూ అంటే ఇంజనుని నడిపించే చిన్న కంప్యూటరు, జాగ్రత్త పడకపోతే అది కాలొచ్చు. బ్యాటరీ రెండు వైర్లూ తీసేయాలి, ఈసీయూ సాకెట్ కూడా ఊడదీయాలి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. వెల్డింగ్ ఎర్త్ క్లిప్పుని లగ్‌కి దగ్గర్లోనే, పెయింటు గీకిన ఇనుము మీద పెట్టమనండి, కరెంటు ఇంజను బేరింగుల గుండా తిరిగి పోకూడదు. ఛాసిస్ ఇనుమే కాబట్టి అతుకు బాగా పడుతుంది. బీట ఛాసిస్ పైపులోకి పాకి ఉంటే మాత్రం చిన్న షాపులో చేయించొద్దు, సర్వీస్ సెంటర్‌లో చూపించండి. పని అయ్యాక ప్రైమరు, పెయింటు అదే రోజు వేయించండి, వానాకాలంలో తెల్లారేసరికి తుప్పు పడుతుంది.