రాత్రి లోడ్లకు పొయ్యే మేనల్లుడికి

నాయనా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. సెకండ్ హ్యాండ్ బొలెరో తీసుకున్నావంట, ఈ సీజనుకు దామలచెరువు మండీ నుంచి మెడ్రాసుకు మామిడికాయలు తోలతావంట. ఇరవై రెండేండ్లు నేను ఓనర్ల బండ్లే తోలినా. మన ఇంట్లో సొంత బండికి నిమ్మకాయ కట్టింది నువ్వే. ఆ మాట విని కండ్లనీళ్లు వచ్చినాయి. పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది. క్లీనరుగా తిరువణ్ణామలై పక్క తమిళ పిల్లోడిని పెట్టుకున్నావని కూడా చెప్పింది గదా, దానికి.

టైర్లు, తాడు, డీజిలు నీకు తెలిసిందే. రేణిగుంట, పుత్తూరు, నగరి దావలో రాత్రిళ్లు పోలీసోళ్లు ఆపుతారు. శేషాచలం కింద ఉండేటోళ్లం, ఎర్రచందనం అనుమానం ఏ బండి మీదైనా పడుతుంది, తమిళం మాట్లాడేటోళ్ల మీద ఇంకా. ఆపడం వాళ్ల డ్యూటీ. బండి పక్కకు తీసి లోపల లైటు వెయ్యి. యూనిఫారంలో ఉండే పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందే, డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. ఆధార్ ఎప్పుడూ జేబులో పెట్టుకోవాలని చట్టం లేదు, కానీ పేరూ ఊరూ అడిగితే నిజమే చెప్పు. పరిగెత్తొద్దు. మీ నాయన కోపం నీకు వచ్చింది, దాన్ని ఇంట్లో పెట్టి పో.

ఇది ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పలేదు. 1998లో మేటడోరు తోలేటప్పుడు నా దగ్గరా ఒక తమిళ పిల్లోడు ఉండేవాడు. పద్దెనిమిదేండ్లు ఉంటాయేమో. మెడ్రాసు కోయంబేడు మార్కెట్లో కాయలు దించి ఖాళీ బండితో వస్తా ఉంటే పుత్తూరు దాటినాక ఆపినారు. రాత్రి రెండు గంటలు. నన్ను తెలుగులో అడిగినారు, చెప్పినా. వాడిని అడిగితే భయంతో తమిళంలో ఏదో గొణిగినాడు. అంతే, వాడి చెయ్యి పట్టి జీపు దగ్గరికి తీసుకుపోయినారు. ఏ స్టేషనోళ్లో రాయను. 'నువ్వు సంతకం పెట్టి పో, వాడిని పొద్దున్నే పంపిస్తాం' అన్నారు. రెండు తెల్లకాగితాలు. పైనంతా ఖాళీ, కింద ఇక్కడ అని వేలు పెట్టి చూపించినారు. బానెట్టు మీద పెట్టి గీకేసినా. తొందరగా ఇల్లు చేరాలి, అదొక్కటే నా ధ్యాస. వాడు జీపులోంచి నన్నే చూస్తా ఉన్నాడు. నేను బండి తీసేసినా.

పొద్దున్నే వాడు రాలేదు. మూడు నెలలకు నాకు కోర్టు సమన్లు వచ్చినాయి. సాయంత్రం ఆరు గంటలకు, నేను జన్మలో చూడని కొండ దగ్గర, దుంగలు మోస్తున్న వాడిని పట్టుకుంటే చూసి పంచనామా మీద సంతకం పెట్టిన సాక్షిని నేనంట! ఆ ఆరు గంటలకు మేమిద్దరం కోయంబేడులో బుట్టలు దించతా ఉన్నాం. జడ్జి ముందర నిజం చెప్పినా. కేసు కొట్టేసినారు. అప్పటికి వాడు ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత వాళ్ల నాయన మనింటికి వచ్చి గడప బయటే నిలబడినాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రావాల్సిన జీతం అడిగినాడు. డబ్బు ఇచ్చి, క్యాబిన్‌లో వాడు వదిలేసిన గళ్ల తువ్వాలు కూడా ఇచ్చినా. ఆయన దాన్ని మొహానికి ఆనించుకున్నాడు.

సాక్షిగా చెప్పిన మాట పోలీసులు రాసుకుంటే దాని మీద సంతకం తీసుకోకూడదు. అప్పుడూ అదే చట్టం, నాకే తెలీదు. పంచనామా, అంటే పట్టుకున్నప్పుడు సాక్షుల ముందర రాసే కాగితం, దాని మీద పెట్టాలంటే నీ కండ్లతో చూసిందై ఉండాలి, మొత్తం చదివినాక పెట్టాలి. ఖాళీ కాగితం మీద మాత్రం వేలిముద్ర కూడా వెయ్యొద్దు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో సోదా చేసి వస్తువులు పట్టుకుంటే వీడియో తియ్యాలని ఉంది. అరెస్టు అంటే ఎందుకో చెప్పాలి, చేసేటాయన పేరు కనపడేట్టు ఉండాలి, అరెస్టు మెమో రాయాలి, ఇంటికి తెలపాలి. వకీలును చూసే హక్కు ఉంది. దావలో ఖర్చయ్యే టైము తీసేస్తే 24 గంటల్లోపల మేజిస్ట్రేటు ముందర పెట్టాలి. డబ్బుల్లేకపోయినా వకీలు దొరుకుతాడు, 15100కి ఫోన్ చెయ్యి. ఆ నంబరు ఇప్పుడే ఎక్కించుకో, మళ్లీ చేస్తానని వాయిదా వెయ్యొద్దు.

ఇవన్నీ నీ ఒక్కడికే కాదు. ఆ పిల్లోడిని పక్కకు తీసుకుపోతే బండి కదిలించొద్దు. కాయలు మగ్గిపోనీ, మండీవాడు తిట్టనీ. ఏ స్టేషనుకు అని మర్యాదగా అడుగు, ఆయన పేరు చూసుకో, వాడికి తెలుగు రాదని, నీ దగ్గర పని చేస్తాడని చెప్పు. వాళ్ల ఇంటికి నువ్వే ఫోన్ చెయ్యి. ఎక్కించుకున్న రోజే వాళ్ల నాయన నంబరు రాయించి డ్యాష్‌బోర్డులో పెట్టు. దించిన సరుకు రసీదు టైముతో సహా జాగ్రత్త చెయ్యి.

ఎక్కువ రాసినానేమో. కోపం చేసుకోవద్దు నాయనా, నువ్వు నాలాగా తొందరపడతావని నా దిగులు. ఆదివారం పాకాలకు వస్తా. ఆ పిల్లోడిని కూడా ఇంటికి పిలువు. నాకు కొంచెం తమిళం వచ్చు, అన్నం తింటా వాడికి కూడా చెప్తా.

మీ మామ